విద్యార్థులు: కూర్చుండుట, నిలుచుండుట, నడచుట



బడి యనగానే మన మనస్సున మొదట తోచునది బల్లపై కదలక కూర్చున్న పిల్లవాడు. "కుదురుగా కూర్చుండి చదువుకో" అనునది ప్రతి యింటను వినవచ్చు మాట. కదలనివాడు బుద్ధిమంతుడు, కదలువాడు అల్లరివాడు అని మన తీర్పు. ఈ తీర్పులో నిజమెంత? కూర్చుండుట చదువునకు ఎంతవరకు తోడ్పడును? ఎక్కడినుండి అడ్డుపడును? నడుమ నడుమ లేచి నిలుచుటవలనను, నాలుగడుగులు నడచుటవలనను పిల్లల మనస్సునకును బుద్ధికిని కలుగు మేలు ఏమి? ఈ విషయమును నేడు కొంచెము విచారింతము.

ఇది చిన్న విషయమని తలపరాదు. మనది మెట్టసీమ. అనంతపురము ప్రాంతమున ఏటి సగటు వర్షము సుమారు 22 అంగుళములు మాత్రమే. వేరుసెనగ విత్తినవాడు ఆకాశము వంక చూచుచునే యుండవలెను. ఇట్టి సీమలో వానకు లొంగని పంట యొక్కటే కలదు. అది బిడ్డల చదువు. అప్పుచేసి యైనను తల్లిదండ్రులు ఆ పంట పెట్టుచున్నారు. అట్టి చదువునకై బిడ్డ వెచ్చించు గంటలు ఫలించుచున్నవా, లేక మొద్దుబారిన తలతో వ్యర్థమగుచున్నవా అని విచారించుట పెద్దల ధర్మము.

ముందుగా మన పుట్టపర్తినే చూతము. చిత్రావతి యొడ్డున నున్న యీ యూరు వెనుకటి కాలమున చిన్న పల్లె. 1930 తరువాతి సంవత్సరములలో ఇచ్చట చిన్న తరగతుల బడి మాత్రమే యుండెను. పై తరగతులకు పోదలచిన బాలురు బుక్కపట్టణమునకు పోవలసినదే. 1926లో ఇచ్చట జన్మించిన శ్రీ సత్యసాయిబాబావారు బాల్యమున బుక్కపట్టణపు బడికి కాలినడకనే పోయి వచ్చెడివారని వారి చరిత్ర తెలుపుచున్నది. పోవుట రెండు మూడు మైళ్ళు, వచ్చుట రెండు మూడు మైళ్ళు. ఎండలో, వానలో, బురదలో పసివారు పడు ఈ శ్రమను చూచియే వారి తల్లి ఈశ్వరమ్మగారు ఊరిలోనే బడి కావలెనని కోరిరి. ఆ కోరిక న్యాయమైనది. నేడు ఊరిలో ఆమె పేరనే ఉన్నతపాఠశాల కలదు. 1981లో ఇచ్చట విశ్వవిద్యాలయ స్థాయిగల విద్యాసంస్థ వెలసెను. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణము కూడ నైనది. బడి దగ్గరకు వచ్చినది, శ్రమ తీరినది, సంతోషమే.

అయితే ఆ శ్రమతోపాటు మరియొకటి కూడ పోయినది. ఆ నడక పిల్లవానికి తెలియకుండనే ఒక మేలు చేయుచుండెను. నేటి పిల్లవాని దినచర్యను లెక్కింపుడు. ఇంటి గడపలో ఆటో ఎక్కి కూర్చుండును. బడిలో దిగి ఆరు గంటలు కూర్చుండును. మరల ఆటోలో కూర్చుండి యిల్లు చేరును. ట్యూషనులో కూర్చుండును. ఇంటిలో వ్రాతపనికి కూర్చుండును. తీరిక దొరకినచో సెల్లుఫోను పట్టుకొని మరల కూర్చుండును. పట్టణములలో వసతిగృహములందు చదువు పెద్దపిల్లల సంగతి యింకను కష్టము. తెల్లవారుజామున కూర్చున్నవారు రాత్రి పడకవేళకు గాని లేవరు. మునుపు దారి చేసిన మేలును ఇప్పుడు బడియు ఇల్లును చేయవలెను. అవి చేయుచున్నవా యనునదే ప్రశ్న.

మన పూర్వులు బడులు ఎట్లు నడపిరో కొంచెము చూతము. ఈ సీమకు సంబంధించిన మంచి సాక్ష్యమొకటి కలదు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా నుండిన తామస్ మన్రో, తరువాత చెన్నపట్టణమునకు గవర్నరయి, 1822లో దేశీయపాఠశాలల స్థితిని గూర్చి విచారణ చేయించెను. అప్పుడు మన యనంతపురపు సీమ బళ్ళారి జిల్లాలో చేరియుండెను. ప్రత్యేక జిల్లాగా విడివడినది 1882లో. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక నేటికిని దొరకుచున్నది. ఆనాటి జిల్లా జనసంఖ్య 9,27,857. పాఠశాలలు 533. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. చదువు పిల్లలు అందరును కలిసి 6,641 మంది. వేయిమందికి ఇంచుమించు ఏడుగురే యన్నమాట.

ఆ నివేదికలో మన విషయమునకు పనికివచ్చు సంగతులు కలవు. బడి ఉదయము ఆరుగంటలకే తెరచెడివారట. మొదట వచ్చినవాని అరచేత సరస్వతి పేరు, రెండవవాని చేత సున్న; మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. తరువాత వచ్చినకొలది దెబ్బలు పెరుగును. సోమరులైన పిల్లలను దూలమునకు వ్రేలాడదీయుట, ఎడతెగక లేచుచు కూర్చుండునట్లు చేయుట మొదలగు శిక్షలు గూడ నుండెను. ఈ రెండవదే మన మెరిగిన గుంజీళ్ళు. దానిని గూర్చి ఆ దొర వ్రాసిన యభిప్రాయము గమనింపదగినది. అది మిక్కిలి బాధాకరమైనదే గాని, బహుశః ఆరోగ్యమునకు మంచిదే కావచ్చునని యాతడు తలచెను. రెండువందల యేండ్లకు పూర్వమే, శిక్షగా వాడిన యీ పనిలో దేహమునకు హితమైనది కొంత దాగియున్నదని పరదేశి యొకడు కనిపెట్టెనన్నమాట. శిక్షను విడిచి హితమును మాత్రము తీసికొనుటకు మనకు ఇంతకాలము పట్టినది.

ఆ వీధిబడులలో కాఠిన్యము చాల నుండెను, దానిని పొగడబనిలేదు. కాని పిల్లవాడు రోజంతయు ఒక్క బల్లకు అంటుకొని యుండెడివాడు కాడు. ఇసుకలో దిద్దుటకు వంగవలెను. దిద్దినది చూపుటకు లేచి అయ్యవారి యొద్దకు పోవలెను. ఎక్కములు అందరును లేచి నిలిచి ఎలుగెత్తి చెప్పవలెను. పెద్దపిల్లవాడు చిన్నపిల్లల నడుమ తిరుగుచు పాఠము చెప్పవలెను. వేదపాఠశాలలలోనైతే స్వరమునకు తగినట్లు తలయు చేయియు కదలుచునే యుండును. పైగా పాడ్యమి, అష్టమి, చతుర్దశి వంటి తిథులు అనధ్యయనములు. విశ్రాంతి యనునది చదువునకు శత్రువు గాదనియు, చదువులో నొక భాగమేననియు మన పూర్వు లెరిగియుండిరి.

శాస్త్రములును ఇట్లే చెప్పుచున్నవి. చరకసంహిత ప్రమేహరోగమునకు కారణములు చెప్పుచు, సుఖముగా కూర్చుండియుండుటను, సుఖముగా నిద్రించుటను వానిలో చేర్చినది. కూర్చుండుటయే రోగమునకు మూలము కావచ్చునని ఇంత స్పష్టముగా చెప్పిన ప్రాచీన గ్రంథము మనకే యుండగా, ఈ మాట నేడు క్రొత్తగా విన్నట్లు ఆశ్చర్యపడబనిలేదు. వాగ్భటుడు వ్యాయామమును శక్తిలో సగము మేరకే చేయవలెనని హద్దు పెట్టినాడు. అనగా అతిగా అలసిపోవుట గాదు, మితముగా కదలుట ముఖ్యము. బౌద్ధభిక్షువులకు చంక్రమణ మనునది నిత్యకృత్యము. ఒక బాటపై నెమ్మదిగా ఇటునటు నడచుటవలన అన్నము జీర్ణమగుననియు, రోగము రాదనియు, అట్లు నడచుచు కుదిర్చిన చిత్తైకాగ్రత చాలసేపు నిలుచుననియు వారి గ్రంథములు చెప్పుచున్నవి. గ్రీకుదేశమున అరిస్టాటిలు శిష్యవర్గమునకు "నడచువారు" అనునర్థముగల పేరే స్థిరపడినది.

ఇక, కూర్చున్నచో దేహములో ఏమి జరుగునో తెలిసికొందము. మెదడు మన దేహపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. కాని దేహము వ్యయము చేయు శక్తిలో ఇంచుమించు అయిదవవంతు దానికే కావలెను. ఆ శక్తిని నెత్తురే తెచ్చి యీయవలెను. గుండె నెత్తురును క్రిందికి పంపుట సులభము. కాళ్ళనుండి పైకి తెచ్చుట కష్టము. అందుకు కాలిపిక్కల కండరములు తోడ్పడును. అడుగు వేసినప్పుడెల్ల పిక్క బిగిసి, నరములలోని నెత్తురును పైకి నెట్టును. దీనిని బావినుండి నీళ్ళు తోడు ఏతముతో పోల్చవచ్చును. ఏతము త్రొక్కువాడు ఆగినచో మడికి నీరు ఎట్లు సన్నగిల్లునో, కాళ్ళు కదలనిచో నెత్తురు పరుగు అట్లే మందగించును. భుజములు ముందుకు వంగును, రొమ్ము ముడుచుకొనును, శ్వాస పైపైననే యాడును. పిల్లవాడు ఆవులించును, కాళ్ళు ఊపును, ప్రక్కవానిని గిల్లును. మనము దానిని అల్లరి యందుము. నిజమునకు అది దేహము చేయు విన్నపము.

ఈ సంగతి పరీక్షలవలన గూడ తేలినది. ఇంగ్లండులోని లివర్పూలు నగరపు పరిశోధకులు 2018లో ప్రకటించిన పరీక్ష యొకటి కలదు. కూర్చుండి పనిచేయు 15 మంది ఉద్యోగులను వేర్వేరు దినములలో నాలుగేసి గంటలు పరీక్షించిరి. ఒకనాడు లేవకుండ కూర్చుండబెట్టిరి. ఒకనాడు అరగంట కొకసారి 2 నిమిషములు నడపించిరి. మరియొకనాడు రెండు గంటల కొకసారి 8 నిమిషములు నడపించిరి. లేవని దినమున మెదడునకు పోవు నెత్తురు వేగము తగ్గెను. అరగంట కొకసారి లేచిన దినమున తగ్గలేదు. రెండు గంటల కొకసారి లేచిన దినమున అంతటి ఫలము కనబడలేదు. చివరి రెండు దినములలోను నడక మొత్తము ఇంచుమించు సమానమే గదా! దీనివలన తెలియున దేమనగా, ఎంత నడచితి మనుట ఒక్కటే చాలదు, ఎంత త్వరగా లేచితి మనుటయు ముఖ్యము. ఎండిన పైరునకు వారమున కొకసారి చెరువు విడిచినట్లు గాక, దినదినము చిన్న తడి యిచ్చినట్లు ఉండవలెను.

మనస్సు మాట చూతము. అమెరికాలో 2016లో ప్రకటితమైన పరీక్షలో 30 మంది పెద్దలను ఆరుగంటలు కూర్చుండబెట్టి, ఒకనాడు ప్రొద్దుట ఒక్కసారి 30 నిమిషములును, వేరొకనాడు గంట కొకసారి 5 నిమిషముల చొప్పునను నడపించిరి. రెండు విధములను ఉత్సాహము పెరిగినది. కాని గంటగంటకు నడచిన దినమున మనస్సు తేటగా నుండుటయు, అలసట తగ్గుటయు, ఏదైన తినవలెనను ఆరాటము తగ్గుటయు కనబడెను. అయితే వారి బుద్ధికి పెట్టిన పరీక్షలలో మాత్రము భేదమేమియు తేలలేదు. దీనిని దాచబనిలేదు. నడచినంతమాత్రమున మందబుద్ధి మహాపండితుడు కాడు. నడక మొదట బాగుచేయునది మనస్సును. మనస్సు విసుగు చెందక యున్నచో బుద్ధి తన పని తాను చేసికొనును. విసిగిన మనస్సుతో పుస్తకము ముందు కూర్చున్న గంట, గంట కాదు.

పిల్లలలో బుద్ధికే సూటిగా మేలు కనబడిన పరీక్షయు కలదు. ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు 2009లో ప్రకటించిన దానిలో తొమ్మిది పదేండ్ల పిల్లలు 20 మంది. ఒకనాడు ఊరక కూర్చున్న పిదపను, ఒకనాడు 20 నిమిషములు మితవేగముగ నడచిన పిదపను వారికి పరీక్ష పెట్టిరి. నడచిన దినమున పిల్లలు దృష్టి చెదరగొట్టు వానిని విడిచి కావలసినదానినే పట్టుకొనుటలో తప్పులు తక్కువ చేసిరి. చదివినది గ్రహించుటలోను ఎక్కువ మార్కులు తెచ్చుకొనిరి. పరీక్షింపబడినవారు కొద్దిమందియే; దీనిని బట్టి ఆకాశమున కెగురరాదు. కాని పాఠమునకు ముందు నడచుట పాఠమునకు చెరుపు అను భయము మాత్రము దీనివలన తీరుచున్నది.

ఏ విధమైన ఆలోచనకు నడక మంచిదో కూడ తెలిసికొనవలెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రకటించిన పరీక్షలలో, సామాన్యమైన వస్తువునకు క్రొత్త ఉపయోగములు ఊహింపుమని అడిగినప్పుడు, నూటికి 81 మందికి కూర్చున్నప్పటికంటె నడచునప్పుడు ఎక్కువ ఊహలు తోచినవి. నడచి వచ్చి కూర్చున్న తరువాత గూడ కొంతసేపు ఆ ఫలము నిలిచినది. కాని ఒక్కటే సరియైన సమాధానముగల ప్రశ్న యిచ్చినప్పుడు అట్టి మేలు కనబడలేదు. నూటికి 23 మందికి మాత్రమే మెరుగైనది. మన పనికి దీని యర్థమేమనగా, వ్యాసమునకు విషయము వెదకుకొనుట, పద్యమునకు భావము ఊహించుట, లెక్కకు దారి ఆలోచించుట నడచుచు చేయవచ్చును. లెక్కను అంకెలతో సాధించుట, అచ్చుతప్పులు దిద్దుట కూర్చుండి చేయవలెను. కావున కూర్చుండుట చెడ్డదని నేను చెప్పుట లేదు. వ్రాతకు, సూక్ష్మమైన పనికి, ధ్యానమునకు ఆసనమే తగినది. ఆసనము స్థిరముగను సుఖముగను ఉండవలెనని పతంజలి చెప్పెను గదా! సుఖము తొలగిన పిదప ఆ స్థిరత్వము వట్టి బంధనమే.

ఇక నిలుచుండుట. కొన్ని దేశములలో ఎత్తైన బల్లలు చేయించి, పిల్లలు నిలిచియు, కావలసినప్పుడు ఎత్తుపీటపై కూర్చుండియు చదువుకొను నేర్పాటు చేసిరి. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఈ విషయమున చాల పరీక్షలు జరిగినవి. నిలిచిన పిల్లలకు దేహవ్యయము కొంత హెచ్చినది; పాఠమునందలి శ్రద్ధ మాత్రము తగ్గలేదు. అయినను నిలుచుండుట నడకకు సాటి కాదు. కదలక నిలిచినచో పిక్కలు పనిచేయవు, నెత్తురు పాదములలో దిగబడును, నడుము నొచ్చును. ఎండలో చాలసేపు ప్రార్థనకు నిలిపిన పిల్లలు సొమ్మసిల్లి పడుటకు ఇదియు నొక కారణము. కనుక నిలుచుండుట కూర్చుండుటకును నడచుటకును నడుమ మెట్టు మాత్రమే. అదియే గమ్యము గాదు.

దీర్ఘకాలపు ఆరోగ్యము మాట ఒక్క యుదాహరణముతో చెప్పి ముగింతును. లండను నగరమున రెండంతస్తుల బస్సులుండెను. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమంతయు మెట్లెక్కుచు దిగుచు నుండును. జెర్రీ మారిస్ అను వైద్యుడు వీరిని పోల్చిచూచి, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని 1953లో ప్రకటించెను. బస్సు ఒక్కటే, బాట ఒక్కటే. భేదము కూర్చుండుటలోను నడచుటలోను ఉన్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చేసిన సూచన ప్రకారము 5 మొదలు 17 ఏండ్ల వయసువారు దినమునకు సగటున 60 నిమిషములైనను గట్టిగా కదలవలెను. కూర్చుండు కాలమును తగ్గించుకొనవలెను. నేడు మన బిడ్డలలో ఎందరికి ఆ గంట దొరకుచున్నదో మీరే లెక్కింపుడు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మన బడులలో కదలికను చాలకాలము శిక్షగా వాడితిమి. గుంజీళ్ళు శిక్ష. గోడకుర్చీ శిక్ష. బల్లపై నిలుచుండుట శిక్ష. తరగతి వెలుపల నిలుచుండుట శిక్ష. దీనివలన పిల్లవాని మనస్సులో లేచి నిలుచుట అనగా అవమానమనియు, కదలక యుండుట అనగా గౌరవమనియు నాటుకొనినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము దేహదండనమును మానసిక హింసను నిషేధించినది. శిక్ష మానుట మొదటి మెట్టు. అందరును కలిసి, నవ్వుచు, అయ్యవారును తోడుగా లేచి నిలుచుట రెండవ మెట్టు. అయ్యవారు తాను కూర్చుండి పిల్లలను మాత్రము లెమ్మన్నచో అది మరల శిక్షవలెనే తోచును.

పెద్దలకు కొన్ని సందేహములు కలుగవచ్చును. కాలము వ్యర్థము కాదా యని మొదటి సందేహము. అరగంట కొకసారి రెండేసి నిమిషములన్నచో, ఆరుగంటలలో ఇరువది నాలుగు నిమిషములు. భోజనమువేళ మొదలగునవి తీసివేసినచో ఇంకను తక్కువ. మధ్యాహ్నము మూడుగంటలకు ఏదైన తరగతి వెనుక నిలిచి చూడుడు. కన్నులు తెరచియు నిద్రించు పిల్లలవలన ఎన్ని నిమిషములు పోవుచున్నవో తెలియును. ఫిన్లండు దేశమున 45 నిమిషముల పాఠమునకు 15 నిమిషముల విరామమిచ్చు పద్ధతి చిరకాలముగ నున్నది. ఆ దేశపు పిల్లలు చదువులో వెనుకబడినవారని ఎవ్వరును అనరు.

పిల్లలు చేయి మీరుదురేమో యని రెండవది. మొదటి వారము అల్లరి యుండును. గంట మ్రోగినంతనే లేచుట, మరల గంటకు కూర్చుండుట అలవాటైనచో ఆ విరామమే క్రమశిక్షణ యగును. ఎద్దులను కూడ సాలు చివర ఒక్క క్షణము నిలిపి మరలింతుము గదా! నిలిపినందున అవి దారి తప్పవు.

ఎండ మాట యేమని మూడవది. ఇది మన సీమలో ముఖ్యమైన ప్రశ్న. మార్చి మొదలు మధ్యాహ్నపుటెండలో పిల్లలను మైదానమున నడపించుట కూడదు. నడక వరండాలోనో, చెట్టునీడనో, ప్రొద్దుననే జరుగవలెను. ప్రతి విరామమునందును రెండు గ్రుక్కల మంచినీరు త్రాగవలెను. దేహమున నీరు తగ్గినను తల మొద్దుబారును. కేరళమున 2019 నాటికే నీళ్ళు త్రాగుటకు ప్రత్యేకముగ గంట కొట్టు నలవాటు కొన్ని బడులలో వచ్చినది. బడి యావరణలో వేప, కానుగ మొక్కలు నాటి పెంచినచో అయిదారేండ్లలో నడకకు పందిరి తానే ఏర్పడును. ఆ పని గ్రామస్థులదే.

మరికొందరు పిల్లలను మనము మరువరాదు. ప్రొద్దుట ఏమియు తినక వచ్చిన బిడ్డకు నడకకంటె ముందు అన్నము కావలెను. దూరపు తండాలనుండి నడచి వచ్చినవానికి విశ్రాంతియే విరామము. నడవలేని బిడ్డ చేతులు చాచి, భుజములు త్రిప్పి, నిండుగా ఊపిరి పీల్చినను మేలే. వానిని మూలన విడువరాదు. ఆడపిల్లలు ఎదిగినకొలది మైదానము విడిచి గది చేరుదురు. ఆటస్థలము మగపిల్లలకే యని మన యూళ్ళలో తెలియకయే ఒక యలవాటు ఏర్పడినది. విరామమున వారికిని సమానముగ చోటు చూపుట పెద్దల బాధ్యత.

ఇక ఆచరణమునకు తగిన మాటలు. బడిలో అరగంట కొకసారి అందరును లేచి, చేతులు పైకి చాచి, నిలిచినచోటనే అడుగులు వేయవలెను. రెండు నిమిషములు చాలును. గంట మారునప్పుడు వరండా చుట్టు ఒకసారి తిరిగి రావలెను. కఠినమైన పాఠమును ప్రార్థన పిదప, నడక పిదప పెట్టవలెను. భోజనానంతరము వెంటనే పెట్టరాదు. భోజనము చేసిన పిదప నూరడుగులు నడువవలెనను పెద్దలమాట బడిలోను అమలు చేయవలెను. ఎక్కములు, పద్యములు నిలిచియో, నడచుచునో వల్లింపవచ్చును. భూమి కొలతలు నేర్పునప్పుడు ఆవరణనే కొలిపింపవచ్చును. చెట్లపాఠము చెట్టుక్రిందనే చెప్పవచ్చును. పాఠమునకు చెందిన కదలిక పాఠమునకు అంతరాయము కాదు, పాఠమే యగును.

ఇంటిలో కూడ ఇట్లే. చదువుకొను బిడ్డను రెండుగంటలు లేవనీయక యుండుట గొప్పగాదు. అరగంట చదివి, లేచి, వాకిటిలో నాలుగుమారులు తిరిగి, చదివినదానిని పుస్తకము లేకుండ నెమరువేసికొని, మరల కూర్చుండవలెను. ఆవు మేసినంతసేపు మేసి, పిదప నెమరు వేయును. నెమరు లేని మేత ఒంటబట్టదు. అయితే ఆ విరామమున సెల్లుఫోను ముట్టరాదు. ఫోను పట్టినచో కాళ్ళు ఆగును, మెడ వంగును, మనస్సు వేరొకచోట చిక్కును. అది విరామము కాదు. పరీక్షల దినములలో ఈ నియమమును మరింత గట్టిగా పాటింపవలెను. అప్పుడే మనము బిడ్డలను ఎక్కువ కట్టివేయుదుము. అప్పుడే వారికి మనస్సు తేటపడుట ఎక్కువ అవసరము. బడి మైలు దూరములో నున్నచో, దారి భయము లేనిచో, నలుగురు పిల్లలను జతచేసి నడపించి పంపుడు. బుక్కపట్టణపు బాట చేసిన మేలులో కొంతయైన వారికి దక్కును.

వీనిలో దేనికిని రూపాయి ఖర్చు లేదు. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వపాఠశాలకును యాజమాన్యసంఘము కలదు. అందు నూటికి డెబ్బదియైదు పాళ్ళు తల్లిదండ్రులే యుందురు. ఆ సంఘము కూడినప్పుడు గోడల సున్నమును గూర్చియు, మరుగుదొడ్ల నీటిని గూర్చియు అడుగుట మంచిదే. దానితోపాటు, మా పిల్లలు దినమునకు ఎన్నిసార్లు లేచుచున్నారు అని కూడ అడుగుడు. అయ్యవారిని తప్పుపట్టుటకు గాదు. పై అధికారులు పాఠములు ముగింపుమని తొందరపెట్టునప్పుడు, రెండు నిమిషములు పిల్లలను లేపుటకు ఆయనకు ధైర్యము కావలెను. గ్రామపెద్దలు తన వెనుక నున్నారని తెలిసినచో ఆ ధైర్యము కలుగును.

వచ్చు సోమవారమే బడివైపు పోయి, మధ్యాహ్నపు తరగతిని ఒక్క అరగంట చూచి రండు. ఎంతమంది కన్నులు నిలిచి యున్నవో, ఎంతమంది తలలు వ్రాలియున్నవో లెక్కపెట్టుకొనుడు. నెలదినములు ఈ విరామములను పాటింపజేసి, మరల అదే వేళకు పోయి లెక్కింపుడు. నా మాటలో సత్యమెంతయో మీ లెక్కయే చెప్పును.